చక్రం వెనక రాయి

తమ్ముడు పోయినప్పుడు నారాయణఖేడ్‌లో అతని దోస్తులు ఫ్లెక్సీ కట్టించాలనుకున్నారు. నేను బడిలో తెలుగు చెప్తాను కాబట్టి మాటలు రాసిమ్మని నా దగ్గరికే వచ్చారు. చుట్టుపక్కల ఎవరు పోయినా ఆ నాలుగు వాక్యాలు రాసిచ్చేది నేనే. ఆ రోజు మాత్రం పేరు, ఊరు రాసి, కింద "జీపు నడిపేవాడు" అని రాశాను.

"గింతేనా సారూ?" అన్నాడు వచ్చినవాళ్లలో ఒకడు.

ఇంతే అన్నాను. అంతకు మించి ఏం రాసినా అది వేరే ఎవరి మీదనో రాసినట్టు ఉంటుందనిపించింది.

మా ఊరు కంగ్టి వైపు. మా భూమి సగం కింద నల్లరేగడిలో ఉంది, సగం గుట్ట మీద. పంచుకునేటప్పుడు గుట్ట మీదిది తమ్ముడే కోరి తీసుకున్నాడు. అక్కడ నీళ్లు నిలవవు, కంది బాగా వస్తుంది. కష్టమంతా దారితోనే. కింద కొంత దూరం మెత్తటి మట్టి, తర్వాత ఏటవాలుగా బండపరుపు, ఆ పైన కంకరలా జారే మొరం, అక్కడే ఒక మలుపు. ట్రాక్టరు ట్రాలీతో ఆ మలుపు తిరగదు. అందుకని తమ్ముడు సర్కారు వేలంలో ఒక పాత ఫోర్ వీల్ జీపు కొన్నాడు. పురుగు మందు కొట్టడానికి నీళ్ల డ్రమ్ములు పైకి పోయేదీ, కోత అయ్యాక కందులు కిందికి వచ్చేదీ దాని మీదనే. మిగతా రోజుల్లో కల్హేర్ అంగడికి మనుషుల్ని, బస్తాలను తోలేవాడు.

అది ఆఫీసర్లను రోడ్డు మీద తిప్పిన బండి. దాని గేర్లన్నీ రోడ్డు కోసం కట్టినవి. గుట్ట ఎక్కేటప్పుడు మొదటి గేరు కూడా దానికి ఎక్కువ వేగమే. క్లచ్ పూర్తిగా వదిలితే ఇంజను ఆగిపోయేది. తమ్ముడు క్లచ్‌ను సగం తొక్కి, సగం వదిలి, కాలితో బతిమాలుతూ ఎక్కించేవాడు. అయినా బండపరుపు మీద ఎక్కడో ఒకచోట ఆగేది. అది ఆగగానే వెనక కూర్చున్న మనిషి కిందికి దూకి చక్రం వెనక రాయి పెట్టాలి. లేకపోతే బండి వెనక్కి జారుతుంది. ఆ రాయి కారం నూరే సన్నెకల్లు విరిగితే వచ్చిన సగం. దాన్ని పట్టుకుని కూర్చునే మనిషి మా మరదలు, అంటే తమ్ముడి భార్య. పెండ్లయినప్పటి నుంచి ఆ గుట్ట ఎక్కిన ప్రతిసారీ తమ్ముడు స్టీరింగు దగ్గర, ఆమె రాయి దగ్గర.

కర్మ అయిన మరునాడు చుట్టాలు వాకిట్లో కూర్చుని గుట్ట మీది చేను ఎవరికి కౌలుకివ్వాలి, జీపు ఎవరికి అమ్మాలి అని మాట్లాడుతున్నారు. మరదలు తలుపు లోపలి నుంచి నా భార్యతో అన్నది, అందరికీ వినబడేటట్టే:

"అక్కా, బావకు చెప్పు. గీ కంది కోతకు జీపు నేనే ఎక్కిస్త. ఎక్కితే చేను నేను చేసుకుంట. ఎక్కకపోతే గప్పుడు కౌలుకిచ్చి, నలుగురితోని పట్నం పనికి పోత. అప్పటిదాక దేన్నీ ముట్టద్దని చెప్పు."

నేను ఆమెకు పది అడుగుల దూరంలో ఉన్నాను. మా ఇండ్లలో తమ్ముడి భార్య బావతో నేరుగా మాట్లాడదు. ఎవరూ కూర్చోబెట్టి చెప్పిన నియమం కాదు, అట్లా జరిగిపోతుంది. ఇన్నేండ్లలో ఆమె నాతో అన్న మాటలన్నీ నా భార్య మీదుగానో, తమ్ముడి మీదుగానో వచ్చినవే. నేనూ అట్లాగే జవాబు చెప్పాను: "సరేనను."

తమ్ముడు ఆమెకు కింది చేలలో డ్రైవింగు నేర్పి ఉన్నాడు. చదును మీద బాగానే నడుపుతుంది. గుట్ట దగ్గరే చిక్కు. ఆమె బండి ఎక్కిస్తే రాయి పెట్టడానికి వెనక ఎవరో ఒకరు ఉండాలి. ఆ పని నాకు వచ్చింది. ముందు సీట్లో ఆమె పక్కన కూర్చునే ప్రశ్న లేదు కాబట్టి ఏర్పాటు ఇద్దరికీ కుదిరింది.

మొదటిసారి బండపరుపు సగంలో ఆగింది. రాయి పెట్టాను. రెండోసారి అక్కడి దాకా కూడా రాలేదు. మూడోసారి క్లచ్ ప్లేటు కాలిన వాసన కొట్టింది. ఆమె బ్రేకు పట్టుకుని స్టీరింగు మీద తల పెట్టుకుంది. కాసేపటికి తనలో తాను అనుకున్నట్టు, కానీ నాకు వినబడేటట్టు అన్నది:

"నా కాలు ఆయన కాలు కాదు. ఎన్ని దినాలు నేర్చుకున్నా కాదు. బండినే మార్చాలె."

నారాయణఖేడ్‌లో తమ్ముడి జీపు ఎప్పుడూ బాగుచేసిన మేస్త్రి ఒకాయన ఉన్నాడు. ఇద్దరిదీ ఒకే వయసు. జీపు షెడ్డు ముందు ఆగితే ఆయన లేచి వచ్చి, డ్రైవరు సీట్లో మరదలిని చూసి ఒక క్షణం నిలబడిపోయాడు. తర్వాత తువ్వాలతో చేతులు తుడుచుకుని, "దిగు చెల్లె, చాయ తాగు. ఏమైంది బండికి?" అన్నాడు.

"ఏం కాలే అన్నా. మెల్లగ పోవాలె."

"ఆ?"

"గుట్ట మీద మెల్లగ పోవాలె. క్లచ్ మొత్తం ఇడిసినా ఆగొద్దు. మనిషి నడిచినట్టు ఎక్కాలె."

మేస్త్రి నవ్వాడు. "ముప్పై ఏండ్ల సంది చేస్తున్న. అందరు స్పీడు అడిగిండ్రు. మెల్లగ అడిగింది నువ్వొక్కదానివే."

"అయితది గదా?"

"ఎందుకు గాదు? స్పీడు ఇస్తే బలం పోతది, బలం కావాలంటే స్పీడు ఇడువాలె. రోడ్డు మీద అందరూ హారన్ కొడుతరు, మరి తిట్టుకోవద్దు."

"కొట్టనీ. మా గుట్ట మీద హారన్ కొట్టేటోడు ఎవడున్నడు?"

ఆయన చెప్పింది నాకు అర్థమైనంత వరకు రాస్తాను. పని రెండు చోట్ల. ఒకటి గేరు బాక్సు. పాత సరుకు బండ్లలో ఉండే నాలుగు గేర్ల బాక్సు తెచ్చి పెడితే మొదటి గేరు ఇప్పటి దానికంటే చాలా నెమ్మదిగా తిరుగుతుంది. రెండోది వెనక ఇరుసు మధ్యలో గుండ్రటి ఉబ్బు ఉంటుందే, దాని లోపల. అక్కడ ఒక చిన్న పళ్ల చక్రం పెద్ద పళ్ల చక్రాన్ని తిప్పుతుంది. చిన్నది పినియన్, పెద్దది క్రౌన్. చిన్నదానికి పళ్లు తక్కువ, పెద్దదానికి ఎక్కువ ఉన్న జోడు వేస్తే బండి చక్రం నెమ్మదిగా, బలంగా తిరుగుతుంది. రెండు చోట్లా మారిస్తే రెండూ కలిసి పనిచేస్తాయి.

గేరు బాక్సు దొరికింది. కానీ పాతదానికంటే పొడుగు. అందుకని దాని నుంచి వెనక ఇరుసుకు పోయే షాఫ్టును లేత్ మీద కోసి పొట్టి చేయాల్సి వచ్చింది. నేను బడి అయ్యాక షెడ్డుకు పోయి కూర్చునేవాణ్ని. ఒక పుస్తకం చేతిలో ఉండేది, చదివేవాణ్ని కాదు. మేస్త్రి దగ్గరికి వచ్చేవాళ్లు జీపు కింద ఏం జరుగుతుందో అడిగి నవ్వేవాళ్లు. "ఇంజను ఉన్న ఎడ్లబండి చేస్తున్నవన్నట్టు," అన్నాడొకడు. "ఎడ్లకు దాణా పెట్టాలె, దీనికి గదీ లేదు," అన్నాడు మేస్త్రి.

ఒక సాయంత్రం సీటు సంగతి వచ్చింది. డ్రైవరు సీటు తమ్ముడి కాళ్ల పొడుగుకు వెనక్కి జరిపి ఉంది, అక్కడే తుప్పు పట్టి బిగుసుకుపోయింది. మరదలు ఇన్నాళ్లూ వీపు వెనక దుప్పటి మడిచి పెట్టుకుని నడుపుతోంది. మేస్త్రి పట్టాల మీద నూనె పోశాడు. తర్వాత సుత్తి పట్టుకుని నా వైపు చూశాడు. మరదలు ఆయన చేతిలోంచి సుత్తి తీసుకుని తానే రెండు దెబ్బలు కొట్టింది. సీటు కదిలింది. ముందుకు జరిపి కూర్చుని పెడళ్లు తొక్కి చూసుకుంది.

"ఇగ సరిపోయింది," అన్నది.

వెనక క్రౌన్ మార్చడం కూడా అయ్యాక ఆమె మేస్త్రిని ఒక మాట అడిగింది. "అన్నా, ఇది నాలుగు చక్రాల బండి అంటరు గదా. ముంగటి చక్రాలు గూడ గుంజాలె గదా?"

ఇక్కడ మా దిక్కు అలవాటు ఒకటి చెప్పాలి. ఇక్కడి జీపులన్నీ అంగళ్లకు మనుషుల్ని తోలినవే. ఫోర్ వీల్ ఎవరూ వేయరు. ముందు ఇరుసుకు పోయే షాఫ్టు ఊరికే తిరుగుతూ డీజిలు తాగుతుందని, కొనగానే ఊడదీసి పక్కన పడేస్తారు. తమ్ముడూ అదే చేశాడు. ఆ షాఫ్టు ఇన్నేండ్లుగా మా కొట్టంలో భూమిలో పాతి ఉంది. దానికి బర్రెను కడతారు.

"గుంజ పీకుతె బర్రె పరేషాన్ అయితది," అన్నాడు మేస్త్రి.

"బర్రెకు కట్టె పాతుత. నువ్వు షాఫ్టు ఎక్కియ్యి."

తవ్వి తీశాం. కడిగితే లోపల ఇనుము బాగానే ఉంది. కొత్త గేరు బాక్సుకు తగ్గట్టు దాన్నీ లేత్ మీద సరిచేయించి, రెండు కొసలకూ కొత్త జాయింట్లు వేసి బిగించాడు. ముందు గుట్ట కాదు, ముందు అమ్మవారు అన్నాడు. బోరంచ పోయి నల్లపోచమ్మకు కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించి వచ్చాం. రోడ్డు కాబట్టి ఫోర్ వీల్ వేయలేదు. జీపు ఎంత మెల్లగా పోయిందంటే సైకిల్ మీద ఒక ముసలాయన మమ్మల్ని దాటి, వెనక్కి తిరిగి, "ఏంది, కరాబయిందా?" అని అడిగాడు. "లేదు, బాగయింది," అన్నది మరదలు.

మరుసటి ఆదివారం గుట్టకు పోయాం. కంది పూత దాటి కాయ పట్టింది. పురుగు మందు కొట్టాల్సిన అదను. వెనక నీళ్ల డ్రమ్ము, డ్రమ్ము పక్కన నేను, నా ఒళ్లో రాయి. మెత్తటి మట్టిలోనే ఆమె ఫోర్ వీల్ కడ్డీ వేసింది. బండి కొంచెం బరువుగా కదిలినట్టు అనిపించింది, కానీ పోయింది. బండపరుపు మీదికి రాగానే వణకడం మొదలుపెట్టింది. టైర్లు రాతిని గీకుతున్న చప్పుడు. ఆమె కడ్డీ వెనక్కి లాగింది, రాలేదు. ఇంకొంచెం ముందుకు పోయింది. కింద ఎక్కడో ఇనుము పగిలినట్టు పెద్ద మోత. బండి ఆగింది, వెనక్కి జారింది.

"బావా, రాయి!"

దూకి పెట్టాను. చక్రం రాయిని నొక్కి ఆగింది. డ్రమ్ములోంచి నీళ్లు బండ మీద పారుతున్నాయి.

అది ఆమె నన్ను పిలిచిన మొదటి పిలుపు. అప్పుడు ఇద్దరమూ గమనించలేదు. ఆమె దిగి జీపు చుట్టూ తిరిగింది. ముందు షాఫ్టు జాయింటు విరిగి వేలాడుతోంది. ఆమె దాన్ని చూడలేదు, బండ మీద గీతలు చూసింది. ముందు టైర్లు, వెనక టైర్లు రెండూ రాతి మీద నల్లగా గీకాయి. చాలాసేపు కూర్చుని చూసింది.

"ముంగటి ఎద్దు ఉరుకుతుంది," అన్నది చివరికి. "ఎనకటి ఎద్దు నడుస్తుంది. గట్లయితె కాడి ఇరుగుతది గదా."

ఫోను చేస్తే మేస్త్రి మోటారు సైకిల్ మీద వచ్చాడు. ఆమె ఆ మాటే మళ్లీ చెప్పింది. ఆయన విని, ముందు ఇరుసు వైపు చూసి, అరచేత్తో నుదురు కొట్టుకున్నాడు.

"ముంగట పాత క్రౌనే ఉన్నది! ఎనకది ఒక్కటే మార్చిన. తెల్వక గాదు చెల్లె, యాదికే రాలే. గీ జాగల ముంగట షాఫ్టు ఉన్న జీపు చూసి ఎన్నేండ్లయిందో. ముంగట గూడ ఒక క్రౌన్ ఉంటదనేదే మరిచిపోయిన."

ముందు చక్రాలు పాత లెక్కన వేగంగా తిరగాలని చూస్తాయి, వెనక చక్రాలు కొత్త లెక్కన నెమ్మదిగా. మెత్తటి మట్టిలో ఏదో ఒకటి జారి సర్దుకుంటుంది. బండ మీద జారడానికి వీలు లేదు. మధ్యలో ఉన్నది విరగాలి. షెడ్డులో అన్ని రోజులు కూర్చున్న నాకూ తోచలేదు. తోచాల్సిందే.

షాఫ్టు విప్పేసి, రెండు చక్రాలతోనే ఎక్కించి చూశాం. గేర్లు తగ్గాయి కాబట్టి బండపరుపు ఎక్కింది, క్లచ్ మొత్తం వదిలినా ఆగలేదు. కానీ ఆ పైన మొరంలో వెనక చక్రాలు అక్కడే తిరిగి గుంత తవ్వుకున్నాయి. ముందు చక్రాలు లాగకపోతే మలుపు దాటదని తేలిపోయింది. మరదలు జీపును వెనక్కి దింపింది. ఇంటి దగ్గర జీపు ఆపి, దిగకుండా, మేస్త్రితో అన్నది:

"కాయ ముదురుతుంది అన్నా. దొరుకుతదా, ముంగటిది? దొరకకపోతే ఇప్పుడే చెప్పు. కౌలు అడిగినోళ్లకు మాట చెప్పాలె."

"దేవులాడుదాం," అన్నాడు ఆయన. దొరుకుతుందని అనలేదు.

మందుకు నీళ్లు ఆ వారం కూలీలతో బిందెల్లో మోయించి, నేను, మేస్త్రి బస్సులో బీదర్ పోయాం. పాత బండ్లు విప్పి అమ్మే దుకాణాలు వరసగా ఉన్నాయి. మొదటి రెండింట్లో అందరూ వెనక క్రౌన్లే చూపించారు, అవీ పళ్లు అరిగినవి. మూడో దుకాణంలో ఉన్న పెద్దమనిషి మేము అడిగింది విని వింతగా చూశాడు. "ముందిన క్రౌనా? యారూ కేళల్ల," అన్నాడు కన్నడంలో. ముందుది ఎవరూ అడగరట. దుకాణం వెనక్కి తీసుకుపోయాడు. గోడ పక్కన ముందు ఇరుసులు కుప్పగా పడి ఉన్నాయి, వాటి మీద గడ్డి మొలిచింది.

మేస్త్రి ఒక్కొక్కటి విప్పి, గుడ్డతో తుడిచి పళ్లు లెక్కపెట్టాడు. నాలుగో దాని దగ్గర ఆగి, మళ్లీ లెక్కపెట్టి, నా చేతిలో పెట్టాడు. "నువ్వు గూడ లెక్కపెట్టు సారూ. ఇంకోసారి తప్పొద్దు." లెక్కపెట్టాను. పినియన్‌కు ఎనిమిది, క్రౌన్‌కు నలభై మూడు. వెనక వేసిందీ అదే. పళ్ల మీద వేలు పెట్టి చూశాను. అంచులు కొత్తవాటిలాగే ఉన్నాయి.

"అరగలే," అన్నాను.

"ఎట్ల అరుగుతది? ఎవ్వడన్నా వాడితె గదా!" మేస్త్రికి నవ్వాగలేదు. "మనోళ్లందరు షాఫ్టులు ఊడబీకి నీకోసం దాచిపెట్టిండ్రు సారూ."

మమ్మల్ని బండ మీద ఆపిన అలవాటే ఆ సామాను చెడిపోకుండా కూడా ఉంచింది. ఆ క్రౌన్‌ను గోనె సంచిలో చుట్టి, తిరుగు బస్సులో నా కాళ్ల దగ్గర పెట్టుకున్నాను. తమ్ముడు పోయాక మొదటిసారి, ఇంటికి పోయి ఒక సంగతి చెప్పాలని ఆత్రంగా అనిపించింది. చెప్పాల్సిన మనిషితో నాకు నేరుగా మాటల్లేవనేది దారిలో గుర్తొచ్చింది. నారాయణఖేడ్‌లో బస్సు దిగి ఫోను చేశాను. ఆమే ఎత్తింది.

"దొరికింది," అన్నాను. "అదే లెక్క. నేను గూడ లెక్కపెట్టిన."

"మంచిది బావా. అన్నం తిన్నరా?" అన్నది.

ముందు ఇరుసు మా వాకిట్లోనే విప్పాడు మేస్త్రి. పినియన్, క్రౌన్ సరిగ్గా కూర్చున్నాయా లేదా చూడాలంటే పళ్లకు రంగు పూసి తిప్పాలి. ఒకదాని రంగు ఇంకోదాని మీద పంటి నడుమ అంటితే సరి, అంచున అంటితే సన్నటి రేకులు వేసి జరపాలి. ఆయన రంగు డబ్బా షెడ్డులో మరిచి వచ్చాడు. మరదలు లోపలికి పోయి, గడపలకు పూసే ఎర్రమట్టి జాజును మంచినూనెలో కలిపి గిన్నెలో తెచ్చింది. పూసి తిప్పారు. అంచున అంటింది. విప్పి, రేకు వేసి, మళ్లీ. మధ్యాహ్నానికి ఎర్రటి అచ్చు పంటి నడుమకు వచ్చింది. మేస్త్రి మా ఇద్దరినీ పిలిచి చూపించాడు. ఇరుసు ఉబ్బుకు మూత తీసిన ఆ చిన్న కంతలోంచి చూడటానికి ఇద్దరమూ ఒకేసారి వంగాల్సి వచ్చింది.

కోత రోజుకు మంచు దిగుతోంది. కూలీలు ముందే గుట్ట ఎక్కి కోత మొదలుపెట్టారు. మరదలు జీపు తెచ్చి మెత్తటి మట్టిలో ఆపి, కడ్డీ వేసి, మొదటి గేరు వేసి, క్లచ్ పూర్తిగా వదిలింది. ఈసారి నేను వెనక కూర్చోలేదు. ఏమైనా జరిగితే దూకే ఆలస్యం కూడా ఉండొద్దని, రాయి రెండు చేతులతో పట్టుకుని వెనక చక్రం పక్కన నడుస్తున్నాను. మేస్త్రి కింద నిలబడ్డాడు.

బండపరుపు వచ్చింది. వణకలేదు. గీకుడు లేదు. ఇంజను ఒకే చప్పుడుతో ఉంది. నాలుగు చక్రాలూ రాతి మీద ఒక్కో జానెడు తీసుకుంటూ పోతున్నాయి. నేను మామూలుగా నడుస్తుంటే జీపు నా పక్కనే మామూలుగా నడుస్తోంది. మొరం వచ్చింది. కొంచెం జారి, పట్టుకుని, ఎక్కింది. మలుపు దగ్గర ఆమె స్టీరింగు పూర్తిగా తిప్పి, పక్కకు తొంగి నన్ను చూసింది. నాకు రొప్పు వస్తోంది. సన్నెకల్లు తేలికైనదేం కాదు.

"గా రాయి ఎందుకు మోస్తున్నవ్ బావా? బండిల పెట్టు."

బండి ఆగకుండానే రాయిని వెనక పెట్టాను. పెట్టి, ఖాళీ చేతులతో పక్కనే నడుస్తున్నాను.

"నువ్వు గూడ ఎక్కు. ముంగట కూసో."

నడుస్తున్న బండి నడుస్తుండగానే ముందు సీట్లోకి ఎక్కాను. అంత మెల్లగా ఉంది అది. కింద నుంచి మేస్త్రి ఈల వేశాడు. చేలో కూలీలు కొడవళ్లు ఆపి చూశారు. "వదిన జీపు తెచ్చింది," అన్నది ఒకామె, అదేదో రోజూ జరిగేదే అయినట్టు.

సాయంత్రానికి కోసిన కంది కుప్ప అయింది. గాలి లేచింది, టార్పాలిన్ కప్పితే ఒక కొన ఆగడం లేదు. మరదలు జీపులోంచి రాయి తెచ్చి ఆ కొన మీద పెట్టింది. అది ఇప్పటికీ పైనే ఉంది. మళ్లీ కిందికి తేలేదు.